రెండు ప్రభుత్వాలు, ఒక లాకరు

మీ వస్తువేదైనా ఎక్కడో ఉండిపోయిందా? ఏడవకండి. వదిలేయండి! దాని మీద ప్రభుత్వాలు ప్రాణాలు పెట్టుకుని కూర్చున్నాయి.

బతికున్న మనిషి వెళ్లి రోడ్డు వేయమంటే "అది మా పరిధి కాదు, పక్క రాష్ట్రానిది" అంటారు కదా? అదే ఎవరూ అడగని వస్తువు కంటపడనివ్వండి. "మాది" అంటే "మాది" అని జుట్లు పట్టుకుంటారు. ఇంత ప్రేమ మీకు మీ ఇంట్లో దొరుకుతుందా?

నమ్మకపోతే మా పిన్ని లాకరు సంగతి వినండి.

అందులో ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్. పోయిన బాబాయి గొంతు. పాటా కాదు, పద్యమూ కాదు. సామాన్ల చీటీ చదువుతూ మధ్యమధ్యలో పిన్నిని వెక్కిరిస్తాడు. వింటే తట్టుకోలేనని పదేళ్లు ఆమె అటువైపే పోలేదు. ఇప్పుడు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోతోంది. "ఈ చెవి ఉండగానే ఒక్కసారి వినాలిరా" అంది.

వెళితే ఏముంది? పదేళ్లు ఎవరూ ముట్టలేదు కాబట్టి అది యజమాని లేని ఆస్తి అయిపోయింది! చట్టం శుభ్రంగానే ఉంది. లాకరు కంపెనీ పుస్తకంలో యజమాని చివరి అడ్రస్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆస్తి ఆ రాష్ట్రానిది. అడ్రస్ లేకపోతే, కంపెనీ రిజిస్టరైన రాష్ట్రానిది. చంటిపిల్లకైనా అర్థమవుతుంది. నాలాంటి మేధావి ఒకడుంటాడని పాపం ఆ చట్టం రాసినవాళ్లకు తెలియదు.

పిన్ని ఆ లాకరు తీసుకున్న రోజుల్లో నేను ఫారాల వ్యతిరేక పోరాటం నడుపుతున్నాను. సభ్యులు ఇద్దరం. నేనూ, మొహమాటానికి పిన్నీ. ఆమె లాకరు ఫారం నేనే నింపాను. అడ్రస్ గడిలో ఎర్ర సిరాతో "మీకెందుకు?" అని రాశాను. రాసి మీసం కూడా తిప్పాను! ఇక కంపెనీవాళ్లు నోటీసు పంపాలన్నా ఎక్కడికి పంపుతారు?

లాకరు ఏ రాష్ట్రానిదో తేల్చే విచారణ మూడు రోజులు.

"గడిలో రాత ఉంది కాబట్టి అడ్రస్ ఉన్నట్టే. రాసింది మా రాష్ట్రంలో కూర్చుని!" అన్నాడు మన రాష్ట్రం లాయరు.

"అది అడ్రస్ కాదండీ, పొగరు" అన్నాడు పక్క రాష్ట్రం లాయరు. నిజం చెప్పొద్దూ, నన్ను సరిగ్గా చదివినవాడు ఆయనొక్కడే.

వెనక బెంచీలోంచి పిన్ని లేచింది. "బాబూ, ఆ లాకరు నాదయ్యా. ఇదిగో తాళం చెవి."

"కూర్చోండమ్మా" అన్నాడు అధికారి, ఎంతో మర్యాదగా. "ఇది రెండు ప్రభుత్వాల గొడవ. మధ్యలో మీరెందుకు?"

చూశారా! యజమాని అడ్డం రాకపోతే ఆస్తి తగాదాలు ఎంత సాఫీగా తేలిపోతాయో!

కంపెనీ రిజిస్టరైంది అక్కడే కాబట్టి పక్క రాష్ట్రం గెలిచింది. లాయర్లిద్దరూ కలిసి టీకి వెళ్లారు.

"ఎవరైతేనేం, ఇప్పుడు వాళ్లనే కదా అడగాలి? పద" అంది పిన్ని.

వాళ్ల కౌంటర్లో ఇరవై రెండు గడుల ఫారం ఇచ్చారు. అన్నీ నింపాను. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. డోర్ నంబరు, సందు, సందు మలుపులో టైర్ల షాపు కూడా రాశాను. మూడుచోట్ల "దయచేసి" అన్నాను. నా పోరాటం అక్కడే ముగిసింది.

గుమాస్తా ముద్ర కొట్టాడు. "వరసలో పెడతాం. రెండేళ్లు పట్టొచ్చు."

ప్రభుత్వం నాదంటే మూడు రోజులు, పిన్ని నాదంటే రెండేళ్లు!

పిన్ని మిగిలిన ఆ చెవి నా వైపు తిప్పింది. "ఏమన్నాడ్రా?"

మైకు లేకుండా బజార్లు దద్దరిల్లేలా ఇరవై ఏళ్లు అరిచినవాణ్ణి. ఆ "రెండేళ్లు" మాత్రం నీలం సిరాతో అరచేతిలో రాసి చూపించాను.