ప్రజలకు తెలుపు

ఈమెయిల్‌లో అంధకార యుగం ముగిసిందని ప్రజాసౌకర్యాల మంత్రిగారు ప్రకటించారు. ఇకపై ఆయనకు వచ్చే ప్రతి మెయిల్‌కూ ఒక రంగు ఉంటుంది. రంగు చూడగానే రాసింది ఎవరో, వాళ్లెంత ముఖ్యమో తెలిసిపోతుంది. ఈ ప్రకటన రాసింది నేనే. మంత్రిగారి పేషీలో ప్రెస్‌నోట్లు రాయడం నా ఉద్యోగం. "అంధకార యుగం" మాత్రం ఆయన సొంత మాట. నేను "ఇబ్బంది" అని రాస్తే కొట్టేశారు.

ఇబ్బంది ఉన్నమాట నిజమే. ఆయనకు నాలుగు అకౌంట్లు: పార్టీది, కాంట్రాక్టర్లది, ఇంటిది, ప్రజలది. అన్నీ వచ్చి ఒకే ఇన్‌బాక్స్‌లో పడేవి. ఆ మధ్య చట్టసభలో తాగునీటి మీద ప్రశ్న వేస్తే, మంత్రిగారు ట్యాబ్ తెరిచి పైన కనిపించిన మెయిల్‌ను గంభీరంగా చదివేశారు. "బావా, ఆ కాలువ పక్క స్థలం సంగతి సభలో ఎవరూ ఎత్తకుండా చూసుకో." అది ఆయన బావమరిది రాసింది. అంత పారదర్శకమైన జవాబు ఆ సభ ఎన్నడూ విని ఉండదు.

రంగులు తేల్చడానికి కమిటీ వేశారు. మంత్రిగారు, ఆయన పర్సనల్ సెక్రటరీ, కంప్యూటర్ ఆపరేటరమ్మాయి, రాసుకోవడానికి నేను. సెక్రటరీని పేషీలో అందరూ తథాస్తుగారనే పిలుస్తారు. మంత్రిగారి మాట పూర్తికాక ముందే తలూపగల సమర్థుడు.

"పార్టీ మెయిల్‌కి మన జెండా రంగు, నీలం" అన్నారు మంత్రిగారు.

"కాంట్రాక్టర్లకు బంగారు రంగు సార్. వాళ్ల మనసులాగే" అన్నారు తథాస్తుగారు.

ఇంటి మెయిల్‌కి ఏ రంగో ఫోన్ చేసి అమ్మగారినే అడిగారు. ఆవిడ నెమలికంఠం రంగన్నారు. అది కలపలేక ఆపరేటరమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక ప్రజలు మిగిలారు.

"ఎరుపు పెడదామా సార్? అర్జెంటని తెలుస్తుంది" అన్నారు తథాస్తుగారు.

"ఎరుపు యూనియన్ల వాళ్లదయ్యా."

"ఆకుపచ్చ?"

"అది ప్రతిపక్షం జెండా. నా ఇన్‌బాక్స్‌లో వాళ్ల జెండా ఎగరేస్తావా?"

"పోనీ, నలుపు?"

"మొన్న నా కారుకు నల్లజెండాలు చూపించారు. అప్పుడే మర్చిపోయావా?"

మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. "అసలు ప్రజలు ఏం చేస్తారయ్యా? తమ బాధలు మనకు తెలుపుతారు. తెలుపుతారు కాబట్టి తెలుపు."

తథాస్తుగారి కళ్లు చెమర్చాయి. ఆపరేటరమ్మాయి మాత్రం, "సార్, స్క్రీన్ కూడా తెలుపే కదండీ" అని నసిగింది.

"మ్యాచింగ్ అన్నమాట. మరీ మంచిది" అన్నారు మంత్రిగారు.

చివర్లో ఇంకో రూల్ కూడా పెట్టించారు. ఏ అకౌంట్‌కి వచ్చినా సరే, సబ్జెక్ట్‌లో "సన్మానం" అనే మాట ఉంటే ఆ మెయిల్ బంగారు రంగులోకి మారాలి, గంట కూడా మోగాలి.

మర్నాటి నుంచి ఇన్‌బాక్స్ చూడముచ్చటగా తయారైంది. నీలం అక్షరాలు, బంగారు అక్షరాలు, నెమలికంఠం అక్షరాలు. ప్రజల అక్షరాలు తెల్లటి తెరలో ఒద్దికగా కలిసిపోయాయి.

"మధ్యలో ఈ ఖాళీలేంటయ్యా?" అని అడిగారు మంత్రిగారు.

"ప్రజల సంతృప్తి సార్" అన్నారు తథాస్తుగారు.

వారం తిరిగేసరికి ఫిర్యాదులు సున్నాకు చేరాయని ప్రెస్‌నోట్ రాశాను. పేపర్లన్నీ వేశాయి. ఆ ఉదయమే మా అక్క ఫోన్ చేసింది. అక్క ఊరి చివర బడిలో హెడ్‌మిస్ట్రెస్.

"ఏరా, మీ మంత్రికి ఫిర్యాదులే లేవటగా?"

"అవునక్కా. నేనే రాశాను."

"మరి నేను పంపిన మెయిళ్లు ఏ గంగలో కలిశాయి?"

"తెలుపులో ఉంటాయక్కా. చాలా గౌరవమైన రంగు."

"నీ గౌరవం తగలెయ్య. మూడో తరగతి గది కప్పులో ఇనపచువ్వలు బయటికొచ్చాయిరా. నిన్న ఇంత పెచ్చు ఊడి ఓ పిల్ల పక్కనే పడింది."

"వేరే గదిలో కూర్చోబెట్టరాదూ?"

"వేరే గది ఏది? వరండాలో ఒకటీ రెండూ తరగతులు. బయట చూస్తే వానలు. పక్కనే కొత్త బిల్డింగ్, రంగులతో సహా రెడీగా ఉంది. మీ మంత్రి రిబ్బన్ కోస్తేగానీ తాళం ఇవ్వనంటాడు కాంట్రాక్టర్. ఆ తాళం ఇప్పించమనేరా నేను రాసింది. రోజూ బడి వదిలాక పిల్లల తలలు లెక్కపెట్టుకుంటున్నాను, తెలుసా?"

ఈ సంగతి తథాస్తుగారి చెవిన వేశాను. ఆయన వెంటనే ఇన్‌బాక్స్ తెరిచి, "ఎక్కడుందయ్యా?" అన్నారు. నేనూ చూశాను. ఎక్కడా లేదు. కళ్లారా చూశాక ఇంకేం వాదిస్తాం?

అయినా తోడబుట్టినది. మనసొప్పక ఫోన్ చేశాను. "అక్కా, సబ్జెక్ట్‌లో సన్మానం అని ఒక్క మాట వెయ్యి."

"ఏం ఉద్ధరించాడని?"

"అది రాయనక్కర్లేదు."

పేషీలో గంట మోగింది. మధ్యాహ్నం భోజనాల లోపే, శుక్రవారం వస్తున్నామని జవాబు వెళ్లింది. వ్యవస్థ ఎంత చురుగ్గా పనిచేస్తుందో అక్కకు అప్పుడు అర్థమై ఉంటుంది.

శుక్రవారం మంత్రిగారు కారు దిగుతూనే, "సభ ఎక్కడమ్మా?" అన్నారు.

"మూడో తరగతి గదిలో సార్. పిల్లలు రోజూ కూర్చునే చోటే" అంది అక్క. పిల్లల్ని వరండాలో నిలబెట్టింది. మంత్రిగారి కుర్చీ సరిగ్గా ఎక్కడ వేసిందో కప్పు వైపు చూశాక తెలిసింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

మంత్రిగారు పూలగుచ్ఛం అందుకుని, మైకులో, "పిల్లల కోసం నా ప్రాణాలైనా..." అన్నారు. పైనుంచి పెచ్చు ఊడి పూలగుచ్ఛం మీద పడింది. వాక్యం గదిలోనే మిగిలింది. మంత్రిగారు అప్పటికే ఆవరణలో ఉన్నారు.

"ఇలాంటి చోట మనుషుల్ని కూర్చోబెడతారా?" అని మండిపడ్డారు.

"అదే మీకు రాశానండి."

మంత్రిగారు తథాస్తుగారి వైపు చూశారు. "మనకేమీ రాలేదు సార్" అన్నారాయన, చాలా నిజాయితీగా.

"ఆ పక్క బిల్డింగ్ ఏంటి?"

"కొత్తది సార్. తమరు ప్రారంభించాలని తాళం వేసి ఉంచారు" అంది అక్క.

"పగలగొట్టండి" అన్నారు మంత్రిగారు.

గన్‌మన్ ఒక్క దెబ్బతో పగలగొట్టాడు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఎంతో సంతోషమేసింది. సన్మానం కొత్త హాల్లో ఘనంగా జరిగింది. మూడో తరగతి పిల్లలు నున్నటి గోడల్ని అరచేతుల్తో తడిమి చూసుకున్నారు. మంత్రిగారు మాట్లాడినంతసేపూ వాళ్లు చూసింది ఆ గోడల్నే.

కార్లు కదిలే ముందు తథాస్తుగారు కొత్త తాళం తెప్పించి తలుపుకు వేయించారు.

"అదేంటండీ, తెరిచారు కదా?" అంది అక్క.

"తెరవడం వేరు, ప్రారంభించడం వేరమ్మా. ఇవాళ జరిగింది సన్మానం. ప్రారంభోత్సవానికి విడిగా మెయిల్ పెట్టుకోండి."

"ఏ అకౌంట్‌కి?"

"మీరు ప్రజలే కదమ్మా."

అక్క నా వైపు చూసింది. నేను మైకువాళ్లు వైర్లు చుట్టడం చూస్తూ నిలబడ్డాను.

అంతమాత్రాన మంత్రిగారు పెచ్చులూడే ఆ పాత గదిని పట్టించుకోకుండా చేతులు దులుపుకున్నారని అనుకుంటే పొరపాటు. సోమవారం పొద్దున్నకల్లా పేషీ నుంచి మనుషులొచ్చి గది గుమ్మానికి పెద్ద బోర్డు బిగించి వెళ్లారు. మూడో తరగతి వాళ్లకు ఇప్పుడిప్పుడే ఒత్తులు వస్తున్నాయి. బోర్డు ముందు గుంపుగా నిలబడి కూడబలుక్కుంటూ చదివారు.

"ప్రమాదం. ప్రముఖులు లోపలికి రాకూడదు."

ఒక్క తప్పు కూడా లేకుండా చదివారని అక్క చెప్పింది. తర్వాత బెల్ కొట్టారు. పిల్లలు లోపలికి వెళ్లి కూర్చున్నారు.