మంత్రిగారి మోకాళ్ళు, మన చరిత్ర

మన పర్యాటక మంత్రిగారు ఒకే ఒక్క ప్రకటనతో నగర చరిత్రకు పట్టిన దళారీల పీడ వదిలించారు. "ఇకపై గైడ్లు ఉండరు. బోర్డు చదవండి, బాణం వెంట నడవండి, మన చరిత్ర మీకు మీరే తెలుసుకోండి. దీని పేరు స్వయందర్శన పాదయాత్ర!" అన్నారు. హాలంతా చప్పట్లు మారుమోగాయి. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో చూపించడానికి మాత్రం ఒక మనిషిని పెట్టారు.

బజారు వీధిలో మాది చెప్పుల కొట్టు. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, నేను కూర్చున్నాను. జనం నడిస్తే చెప్పులు అరుగుతాయి గనక, మంత్రిగారి దూరదృష్టిని అందరికంటే ముందు మెచ్చుకున్నవాణ్ణి నేనే.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారే స్వయంగా నడవాలని నిర్ణయమైంది. చిక్కు అక్కడొచ్చింది. కోట ఊరికి ఆ చివర, పాత జైలు ఈ చివర, గ్రంథాలయం ఏటి అవతల. మంత్రిగారి మోకాళ్ళేమో పార్టీ ఆఫీసు నుంచి మా బజారు మలుపు దాకానే సహకరిస్తాయి.

పర్యాటక శాఖ డైరెక్టరు మేధావి. "మీరు చరిత్ర దగ్గరికి వెళ్ళడమేమిటి సార్? చరిత్రే మీ దగ్గరికి వస్తుంది" అన్నాడట. మర్నాటికల్లా బోర్డులన్నీ మా బజార్లో వెలిశాయి. మందుల షాపు కోట అయింది. బ్యాంకు గ్రంథాలయమైంది. మా కొట్టు నెత్తిన 'పాత జైలు' అని బిగించారు.

"అయ్యా, ఇది చెప్పుల కొట్టండీ" అన్నాను.

"కనిపిస్తూనే ఉందిగా" అన్నాడు డైరెక్టరు. "ఒక్కరోజు ఓర్చుకోండి. మంత్రిగారు వెళ్ళగానే పీకేస్తాం. ఆ వేలాడే హవాయి చెప్పులు కాస్త లోపలికి లాగండి."

మంత్రిగారు నడిచారు. వెనక కారు, కారు వెనక అంబులెన్సు. కోటలో నొప్పి మాత్రలు కొనుక్కున్నారు. మా కొట్టు ముందు ఆగి, బోర్డు చదివి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఈ చీకటి గదిలోనే మా తాతగారు ప్రజల కోసం మగ్గిపోయారు" అంటూ లోపలికి వచ్చి, గోడమీదున్న మా తాత ఫోటోకి దండ వేశారు. సాష్టాంగపడబోయి, మోకాళ్ళు గుర్తొచ్చి నమస్కారంతో సరిపెట్టారు. బతికుండగా మా తాతకి ఇంత మర్యాద ఏనాడూ జరగలేదు.

మర్నాడు బోర్డు పీకమని డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను.

"మంత్రిగారు ఏడ్చిన చోటయ్యా అది! బోర్డు తీస్తే ప్రభుత్వం పడిపోదూ?"

"మరి నా కొట్టు?"

"అంత పవిత్రమైన జైల్లో చెప్పులేమిటండీ, అపచారం! ఊరి చివర ఏదో పాత కట్టడం ఖాళీగా ఉంది. అక్కడ పెట్టుకోండి."

వెళ్ళి చూస్తే అది పాత జైలు.

"ఏం పాపం చేశామని ఇక్కడికొచ్చాం?" అంది మా ఆవిడ.

"ఊచలున్నాయిగా, దొంగల భయం లేదు" అన్నాను. తను నవ్వలేదు. ఊచలకే చెప్పులు వేలాడగట్టాం. మెల్లగా బేరాలు మొదలయ్యాయి, మేమూ కుదురుకున్నాం.

అంతలో ప్రభుత్వం ఇంకో ముందడుగు వేసింది. బోర్డు లేని పాత కట్టడాలన్నీ ఉత్త శిథిలాలేనని తేల్చి, వాటి స్థానంలో పాదయాత్రికుల కార్లకు పార్కింగ్ మంజూరు చేసింది. నిన్న బుల్డోజరుతో పాటు డైరెక్టరు వచ్చాడు.

బుల్డోజరు డ్రైవరు కిందికి దిగి, ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. "అయ్యా, ఇది పాత జైలు గదా? మా నాన్న ఇందులోనే ఉండేవాడు. అమ్మ చెయ్యి పట్టుకుని చూడ్డానికొచ్చేవాణ్ణి."

"మీ నాన్న పొరబడి ఉంటాడు" అన్నాడు డైరెక్టరు. "జైలు బజార్లో ఉంది. ఊరూ వాడా చూసొస్తోంది."

"ఇది జైలేనండీ!" అని అరిచాను నేను.

డైరెక్టరు శాంతంగా నావైపు తిరిగాడు. "జైలైతే ఇందులో చెప్పులమ్మడం నేరం, మిమ్మల్ని లోపలెయ్యాలి. కొట్టైతే కూల్చుకోవచ్చు. ఆలోచించి చెప్పండి, ఏది?"

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. డ్రైవరూ చూశాడు.

"చెప్పుల కొట్టే" అన్నాను.

డ్రైవరు ఊచలు వదిలాడు. తర్వాత బండెక్కి ఇంజను స్టార్టు చేస్తూ, "అయితే మా నాన్న అన్నేళ్ళూ ఎక్కడున్నట్టు?" అన్నాడు.