డిన్నర్ ఎన్ని గంటలకు?

ఆదివారం పొద్దున్నే లేచి బీఫ్ ఓవెన్‌లో పెట్టాలి, సరిగ్గా పన్నెండున్నరకు దానితో తినే యార్క్‌షైర్ పుడింగు పొంగాలి. హెర్బర్ట్ ఆక్‌రాయిడ్ వేసుకున్న పథకం ఇంతే. భార్య పోయిన ఎనిమిదేళ్ళకు, అరవై మూడో ఏట, అతను ఒక ఆడమనిషిని ఇంటికి పిలవడం ఇదే మొదలు. ఆమె సెలియా ప్రెంటిస్, ఉత్తర ఇంగ్లండులోని ఆ ఊరికి దక్షిణాన కెంట్ నుంచి వచ్చిన కొత్త లైబ్రేరియన్. నిఘంటువుల బీరువా దగ్గర ఆర్నెల్లు తచ్చాడాక, "ఆదివారం డిన్నర్‌కి రండి" అనగలిగాడు. "తప్పకుండా" అందామె.

హెర్బర్ట్ ఆ ఊరి వారపత్రికలో ఇరవయ్యేళ్ళుగా పేరు వేసుకోకుండా 'మాటల మూట' రాస్తున్నాడు. ఏ మాటకు ఏ అర్థమో, ఏ నుడికారం ఎక్కడ పుట్టిందో జనం అడుగుతారు, ఇతను చెబుతాడు. మాటల విషయంలో తనకు తిరుగులేదని అతని నమ్మకం.

పన్నెండున్నరకు పుడింగు పూరీలా పొంగింది. ఒంటిగంటకు చప్పబడింది. ఒంటిగంటన్నరకు అక్క మాబెల్ వచ్చింది.

"రాలేదుట్రా?"

"దారిలో ఉండుంటుంది."

"దారిలో లేదు, తోటలో ఉంది. రబ్బరు బూట్లేసుకుని గులాబీలకి ఎరువేస్తోంది. నువ్వేమో ఇక్కడ టై కట్టుకుని కూచున్నావు. ఆ ప్లేటు ఇటియ్యి, చల్లారిపోతోంది."

సెలియా వంతు శుభ్రంగా తినేసి, మిగిలిన బీఫ్ తన కుక్కకు మూటగట్టుకుని వెళ్ళింది మాబెల్. మనసు నొచ్చుకుంటే హెర్బర్ట్‌కు కాళ్ళు కూడా లాగుతాయి. సాయంత్రానికి పైజమాలోకి దిగి, ఆవపొడి కలిపిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

ఏడు దాటిన అయిదు నిమిషాలకు ఎవరో తలుపు తట్టారు. సిల్కు గౌను, ముత్యాల దండ, చేతిలో వైన్ సీసాతో సెలియా.

"ఇప్పుడా రావడం?" అన్నాడు హెర్బర్ట్.

"క్షమించండి, అయిదు నిమిషాలు ఆలస్యమైంది." ఆమె అతని తడికాళ్ళ వైపు చూసింది. "మీరింకా తయారైనట్టు లేరు."

"డిన్నర్ అయిపోయిందండీ. మీ వంతు కూడా."

"అలాగా. చాలా ఆసక్తికరంగా ఉంది" అంది సెలియా. దక్షిణాదివాళ్ళు అలా అన్నారంటే ఒళ్ళు మండుతోందని అర్థం. సీసాతో సహా వెనక్కి తిరిగింది.

రాత్రంతా మథనపడి, మర్నాడు ఆమె తలుపు సందులోంచి చీటీ పడేశాడు. "మంగళవారం టీకి రండి." పాపం, ఆమె కోపం దిగమింగి నాలుగింటికే వచ్చింది. తలుపుకు తాళం. ఆరింటి భోజనానికి హామ్ కొనడానికి హెర్బర్ట్ అప్పుడు మాంసం కొట్టు ముందు వరుసలో ఉన్నాడు. ఆ హామ్ కూడా మాబెల్ కడుపులోకే పోయింది. కుక్కకు అప్పటికే అజీర్తి.

బుధవారం పత్రికవాళ్ళు 'మాటల మూట'కు వచ్చిన ఉత్తరం పంపారు.

"అయ్యా, ఈ ఊళ్ళో ఒక పెద్దమనిషి నన్ను డిన్నర్‌కి పిలిచి తనే తినేశాడు. టీకి పిలిచి తాళం వేసుకుని పోయాడు. ఇది మీ ఊరి నుడికారమా, లేక నేనంటే గిట్టకపోవడమా? కెంట్ పాఠకురాలు."

హెర్బర్ట్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. డిన్నర్ అంటే ఈ ఊళ్ళో మధ్యాహ్న భోజనం, ఆమె ఊళ్ళో రాత్రి భోజనం. టీ అంటే ఇక్కడ ఆరింటి భోజనం, అక్కడ నాలుగింటికి ఒక కప్పూ కేకు ముక్కా. ఈ ప్రశ్నకు అతనే మూడుసార్లు జవాబు రాసి ఉన్నాడు. సిగ్గు కన్నా భయం ఎక్కువ వేసింది, ఆమె ఇక ఈ గడప తొక్కదేమోనని. కలం తీశాడు.

శుక్రవారం పత్రికలో జవాబు వచ్చింది. "తప్పు నుడికారానిది కాదు, పెద్దమనిషిది. ఇక్కడ డిన్నర్ మధ్యాహ్నం తింటాం. అసలు మూలం వెతికితే ఆ మాట పాత ఫ్రెంచిది. ఉపవాసం విడవడమని, అంటే పొద్దుటి ఫలహారమని దాని మొదటి అర్థం. ఆ పెద్దమనిషికి మీరంటే చాలా ఇష్టం. ఏ వేళకు వచ్చినా ఇంట్లోనే ఉంటాడు."

శనివారం పొద్దున ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. హెర్బర్ట్ మళ్ళీ పైజమాలోనే ఉన్నాడు.

"డిన్నర్‌కి వచ్చాను" అంది సెలియా. "మూలం ప్రకారం."

"అది రాసేది నేనని మీకు తెలుసా?"

"నిఘంటువుల బీరువాని పట్టుకు వేలాడేది ఊరంతటికీ మీరొక్కరే కదండీ. ముందు గుడ్లు వేయించండి, ఆకలేస్తోంది."

ఆ శనివారం సెలియా మూడు డిన్నర్లకూ వేళకే ఉంది.