సముద్రశక్తి గుళికలు తిన్న గౌరి

సంపాదకులు గారికి నమస్కారం. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాగితానికి నాలుగు రోజులు పట్టింది. మంచివారి గురించి కనక ఆలస్యమైనా రాస్తున్నాను.

"ఇక ఈ రాష్ట్రంలో ఏ పశువుకీ పోషకాహార లోపం ఉండదు!" అని పశుపోషణ మంత్రి భీమశంకరరావు గారు విశాఖలో ప్రకటించారు. చేపపొడితో సముద్రశక్తి గుళికలు చేయించారు. వాటిని మొదట తినే అదృష్టం మా గౌరికి దక్కింది.

మా భూములు ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక నాకు మిగిలింది ఈ గేదె ఒక్కటే. పూటకి నాలుగు లీటర్లిచ్చేది. గడ్డి మొలిచే జాగా లేదు. పాల సంఘం సగం ధరకిచ్చే తవుడుతోనే దాన్నీ నన్నూ నెట్టుకొచ్చేదాన్ని.

మంత్రిగారు మా ఊరొచ్చి గౌరికి గుళికలు పెట్టే ముందురోజు, పశువుల ఆఫీసరు కొండలరావు గారు వచ్చి పాఠం చెప్పారు.

"ఎండుగడ్డిలో పీచు, పచ్చగడ్డిలో విటమిన్లు, తవుడులో కొవ్వు, తెలకపిండిలో ప్రోటీన్. గుళికలో అన్నీ ఉన్నాయమ్మా!"

గౌరి వాసన చూసి ఆయన చొక్కా మీద తుమ్మింది.

"అన్నీ ఉన్నాయి బాబూ, తినే రుసే నేదు," అన్నాను.

"తాయారమ్మా, రేపిది తినకపోతే నన్ను ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ చేస్తారు. ఇద్దరు పిల్లలు!"

జాలేసింది. "ఏటి బాబూ, దీనికే ఏడుత్తారా? అడుగున తవుడు కుడితి పోసి, పైన గుళికలు సల్లీండి," అన్నాను. ఆ సలహా నాదే. ఇంకెవరినీ అనకూడదు.

మర్నాడు షామియానా, మైకు, ఫొటోలవాళ్లు. గౌరి గుళికలన్నీ మూతితో పక్కకి తోసి, కుడితి జుర్రున తాగింది. మూతికి రెండు గుళికలు అంటుకున్నాయి.

"చూశారా! దాచుకుంటోంది, సాయంత్రానికి!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. ఆ ఆనందంలోనే ఇంకో ప్రకటన చేశారు: "పస లేని తవుడు ఈ క్షణం నుంచి రద్దు!"

సంఘం గోడౌన్లోని తవుడంతా లారీకెక్కింది. డ్రైవరు అబ్బుల్ని అడిగాను.

"పస నేని తవుడు ఎందుకు మోత్తన్నావు బాబూ?"

"పేదోళ్ల గేదెలకి పడదట పిన్నీ. అందుకే దూరంగా తీసుకెళ్లమన్నారు."

ఎంత ముందుచూపు!

నెల తిరక్కుండా గౌరి ఒక లీటరుకి దిగింది. డొక్కలు లెక్కపెట్టొచ్చు. గుళికలు జాలరిపేట నూకాలుకి ఇవ్వబోయాను, కోళ్లకేస్తుందని.

"మా సేపల్ని అట్టుకెళ్లి, పాడుసేసి, మళ్లీ మాకే తెచ్చినావేటే?" అని తిట్టింది. చదువు లేనిది.

గౌరి పడిపోతుందని భయమేసి అమ్మేశాను. కొండలరావు గారే బేరం కుదిర్చారు. ఆయనకిప్పుడు ప్రమోషను. కొన్నవారు ధర్మాత్ములు. గౌరి నా చెయ్యి పడితేగాని పాలివ్వదని తెలిసి, నన్నూ రమ్మన్నారు.

ఇప్పుడది పూటకి అయిదు లీటర్లిస్తోంది. చూడవచ్చినవాళ్లంతా ఏం పెడుతున్నావని అడుగుతారు. గుమ్మంలో ఉన్న గుళికల బస్తా చూపిస్తాను. చాలా గట్టి బస్తా. దానిమీద కూచునే తవుడు కలుపుతాను.

ఇట్లు,
గొలగాని తాయారు, వయసు అరవై రెండు,
భీమశంకరరావు గారి పశువుల పాక,
ఎలమంచిలి.