సాలమ్మ నీళ్ళు

ఆదివారం పొద్దున, సింకు పక్కన పెట్టిన లింగం నీళ్ళ బాటిల్ మీద రెండు చుక్కలు పడ్డాయి. గొడవ అక్కడ మొదలైంది.

"నా బాటిల్ మీద కోడినీల్లు చిమ్ముతవేందే? జెర మెల్లగ కడుగరాదు?" అన్నాడు లింగం.

"సింకు పక్కకు బాటిల్ పెట్టుమన్నదెవలు? నల్లా పూరా తిప్పకుంటే నీసు వోతదా?" అంది అతని భార్య కౌసల్య.

"దుకాణపోడు కడిగే ఇచ్చిండు గదనే."

"ఆడు కడిగింది గూడ ఒక కడుగుడేనా?"

లింగం బాటిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. కిష్టారెడ్డిపేటలోని ఆ అపార్టుమెంటులో కౌసల్యంత శుభ్రమైన మనిషి లేదని అందరూ ఒప్పుకుంటారు; అందరికన్నా ముందు కౌసల్య ఒప్పుకుంటుంది. కోడిమాంసాన్ని పసుపూ ఉప్పూ వేసి పిసికి, ధారగా నీళ్ళు వదిలి, కడిగిందే మళ్ళీ మళ్ళీ కడిగితే తప్ప ఆమెకు మనసొప్పదు. ఆ పని ముగించి, పక్కనే గట్టు మీద కోసి పెట్టిన కీరా ముక్కల పళ్ళేన్ని చూసుకుని తృప్తి పడింది.

ఆ మధ్యాహ్నం మేడ మీద అపార్టుమెంటు వాళ్ళందరి భోజనాలు. ఇంటికో వంటకం. ఎదురింటి వాళ్ళ పప్పుచారులో ఈగ పడి ఉండవచ్చు. సెక్రెటరీ శ్రీకాంత్ భార్య చేతికి గోళ్ళున్నాయి. ఇలా అన్నిటినీ అనుమానించి, కౌసల్య అందరికీ పెట్టిన తన కోడికూర, తన కీరా ముక్కలు మాత్రమే తిన్నది. ఆమె అత్త ముత్యమ్మకు ఏ అనుమానమూ లేదు గనుక ప్రతి ఇంటి వంటా వడ్డించుకుని, బాగున్నవి రెండోసారి అడిగింది.

సోమవారం సాయంత్రానికి సగం అపార్టుమెంటు కడుపు పట్టుకుంది. అందరికన్నా ముందు మంచాన పడింది కౌసల్యే. తన కడుపు కూడా నొస్తున్న లింగం, ముత్యమ్మ ఆమెను పటాన్‌చెరు తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్పించారు. సెలైన్ ఎక్కుతుండగా డాక్టర్ భవాని గుమ్మం దగ్గర ఆగి, నర్సుతో మెల్లగా, "సాల్మొనెల్లా?" అని, పరీక్షకు పంపమంది.

ముత్యమ్మ గుమ్మం పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు చెవులు పూర్తిగా పోలేదు, పూర్తిగా లేవు కూడా.

"కౌసల్యా, డాక్టరమ్మ కనిపెట్టింది బిడ్డా! సాలమ్మ నీల్లా అంటున్నది!"

సాలమ్మ వాళ్ళ సందు మలుపులో మంచినీళ్ళ ప్లాంటు నడుపుతుంది. అపార్టుమెంటుకు తాగునీళ్ళ డబ్బాలు అక్కడి నుంచే వస్తాయి. మేడ మీద భోజనాలకూ అవే. ఒకసారి సాలమ్మ డబ్బా మూతిని కొంగుతో తుడవడం కౌసల్య కళ్ళారా చూసింది. ఒంట్లో ఓపిక లేకపోయినా అనుమానానికి ఓపిక వచ్చేసింది.

"నేనప్పుడే అనుకున్న!" అని, పడుకునే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "డాక్టరమ్మే చెప్పింది. అంత సాలమ్మ నీల్లతోనే అయింది. ఎవ్వలు తాగకున్రి."

మర్నాటికి గేటు దగ్గర వద్దన్న డబ్బాల గుట్ట లేచింది. శ్రీకాంత్ ముత్తంగి నుంచి ట్యాంకరు తెప్పించాడు. అది సందు తిరగలేక గేటును గుద్దింది. గేటు పడిందేమని చూడవచ్చిన పక్క అపార్టుమెంటు వాళ్ళు సంగతి విని తమ డబ్బాలూ వాపసు పంపారు. లింగం పనిచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్‌కూ సాలమ్మ నీళ్ళే. అతను ఒక్కరి చెవిలోనే వేశాడు గాని, షిఫ్టు మారేలోగా బిహారీ కుర్రాళ్ళు కూడా "సాలమ్మా కా పానీ మత్ పీనా భాయ్" అని ఒకరినొకరు వారించుకోసాగారు. సాయంత్రానికి సాలమ్మ ట్యాంకులో పాము పడిందన్నారు. ఆ మాట పోతిరెడ్డిపల్లి చేరేసరికి పాములు రెండయ్యాయి.

సాలమ్మకు ఆ ప్లాంటు తప్ప వేరే బతుకుదెరువు లేదు. డబ్బాలు మోసే ఆమె భర్త పెంటయ్య ఆటో కదలడం మానేసింది. కౌసల్య ఇల్లు చేరిన రోజునే సాలమ్మ తలుపు కొట్టింది, చంకలో నిండు డబ్బాతో.

"కౌసల్యమ్మా, ఎవలా డాక్టరు? నడువు. నా మొకం మీద చెప్పుమను."

కౌసల్య వెనక్కి తగ్గలేదు. పెంటయ్య ఆటోలోనే లింగం, ముత్యమ్మతో సహా అందరూ వెళ్ళారు. దారి పొడుగునా సాలమ్మ ఒళ్ళోని డబ్బా గుంత వచ్చినప్పుడల్లా బుడుక్కుమంది.

డాక్టర్ భవాని అంతా విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సాలమ్మ అనలేదమ్మా, సాల్మొనెల్లా అన్నాను. అది క్రిమి పేరు. పరీక్షలోనూ అదే తేలింది."

"పురుగుకు నా పేరెవలు వెట్టిన్రు?" అంది సాలమ్మ.

"క్రిమి పేరేదైనా గానీ మేడమ్, వచ్చింది నీల్లతోనే గద?" అంది కౌసల్య.

"మీలో ఆ రోజు తిని కూడా ఏమీ కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంది డాక్టర్.

అందరూ ముత్యమ్మ వైపు చూశారు.

"నీళ్ళు తాగలేదా అవ్వా?"

"తాగకుంటెట్ల? కూరలు అంత కారమున్నయి. అందరికంటె నేనే ఎక్వ తాగిన."

"మరి ఏం తినలేదు?"

వదిలేసింది కూడా ఉందని చెప్పడానికి ముత్యమ్మ కొంచెం సిగ్గుపడింది. "కీరా ముక్కలు బిడ్డా. సూడు, నోట్లె పండ్లేవి?"

"కీరా కోసిందెవరు?"

కౌసల్య కుర్చీలో సర్దుకుంది. "మంచిగ కడిగే కోసిన మేడమ్. సింకు పక్కకు పెట్టి."

"ఆ సింకులో పచ్చి చికెన్ కడిగారా?"

"కడిగింది మేడమ్! నల్లా పూరా తిప్పి కడిగింది! నా బాటిల్ గూడ ఆడనే ఉండె!" అన్నాడు లింగం. సొంత కడుపునొప్పికి కారణం దొరికి అంత సంతోషించిన మనిషిని ఆ ఆసుపత్రి చూసి ఉండదు.

"కూర ఉడికితే క్రిమి చస్తుంది. చిమ్మిన నీళ్ళతో కీరా మీద పడితే? కీరాను ఎవరూ ఉడికించరు కదమ్మా," అంది డాక్టర్.

సాలమ్మ డబ్బా వంచి, గ్లాసు నింపి కౌసల్య ముందు పెట్టింది.

"తాగుతవా కౌసల్యమ్మా? నోరెండినట్టున్నది."

కౌసల్య గ్లాసు అంచు వైపు అలవాటుగా ఒకసారి చూసి, గడగడా తాగేసింది.

ఇంటికి వచ్చాక ఫోన్ చాలాసేపు చేతిలో పట్టుకుంది. నీళ్ళు మంచివేనని చెప్పి కీరా ఊసెత్తకపోయినా సరిపోతుంది. కానీ అలా చెబితే నమ్మేదెవరు? తానైతే నమ్మదు. కిటికీలోంచి చూస్తే విరిగిన గేటు, దాని పక్కన డబ్బాల గుట్ట అలాగే ఉన్నాయి.

రాత్రి అన్నం వడ్డించి, తాను కూర్చోకముందే ప్రకటించింది. "గ్రూపుల చెప్పిన. తప్పు సాలమ్మ నీల్లది గాదు, మా కీరాది అని."

"మా కీరానా, నీ కీరానా?" అన్నాడు లింగం.

"తిన్నప్పుడు మన కీరానే గద! ఇనున్రి. ఇగ నుంచి ఈ ఇంట్ల చికెన్ కడుగుడు బంద్. దుకాణం నుంచి సీదా గిన్నెలకే. సాలమ్మ నీల్లే తాగాలె. కీరా గావాల్నన్నోల్లు హాల్ల కూసొని కోసుకోవాలె."

లింగం తలూపి ముద్ద కలుపుకున్నాడు. ముత్యమ్మ మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించి, "అంత మంచిగనే ఉన్నది గాని, డాక్టరమ్మ చెప్పిన ఆ పురుగు పేరేందిరా?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే సాలమ్మ గుమ్మంలో డబ్బా దించింది గనుక, బి.ఎస్సీ. చదివిన కౌసల్యతో సహా ఆ ఇంట్లో ఎవరికీ ఆ పేరు గుర్తుకు రాలేదు.