కుజగ్రహ దర్బారులో దానమ్మ

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాది, గజపతినగరం దాపున ఉన్న మా ఊళ్ళో మంచినీళ్ళ కుళాయి లేకపోయినా రెండు వైజ్ఞానిక నాటక సమాజాలు ఉండేవని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఒకటి హైస్కూలు డ్రిల్లు మేస్టారు గణపతిరావు గారిది. వారి నాటకం చంద్రుడి మీద జరుగుతుంది. రెండోది ఊరికున్న ఒకే ఒక్క డాక్టరు నరసింగరావు గారిది. అందులో ఆయనే కుజగ్రహ చక్రవర్తి. కిరీటానికి రేడియో ఏరియలు, వెనక మూరెడు తోక.

కళాసంఘం నాటక పోటీలకి ఇద్దరూ ఒకే ఆదివారం మధ్యాహ్నం కావాలన్నారు. ఒక్కరూ తగ్గలేదు. కళాసంఘం అధ్యక్షులు జగన్నాధం గారు లేచి, "గ్రహాలు వేరైనా ఆకాశం ఒక్కటే! కనుక రెండు నాటకాలూ ఒకే వేదిక మీద, ఏకకాలంలో ఆడవలెనని తీర్మానిస్తున్నాను. దీనివల్ల జాతీయ సమైక్యత బలపడుతుంది!" అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అయితే కాపీ కొడతారన్న భయంతో ఎవరి నాటకం వారు రెండోవారికి చూపించలేదు. ఎవరెప్పుడొచ్చి ఏమంటారో ఎవరికీ తెలియదు.

నాటకం అద్భుతంగా సాగింది. చంద్రుడి మీద జెండా పాతబోతే కుజుడి సైన్యం పర్మిట్టు అడిగింది. గాలాడక చచ్చిపోయిన యాత్రికుడు జనం 'వన్స్‌మోర్' అనగానే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడు. సైన్సులో తప్పుందని ఎవరూ అనలేదు.

అప్పుడు దానమ్మ అనే ఆవిడ ఇంటి దగ్గర్నుంచి ఊడుపు చేలకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చి వేదిక ఎక్కింది.

"డాట్రుబాబూ, నా కూతురు బుల్లమ్మకి పొద్దున్నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిపోనాది. మంత్రసాని సేతులెత్తీసినాది. బేగి రండి బాబూ!"

ఈమె చంద్రుడి పార్టీ పాత్ర అనుకున్నారు డాక్టరు గారు. కుజుడి పార్టీ పాత్ర అనుకున్నారు గణపతిరావు గారు. ఇద్దరూ మనసులో కుళ్ళుకున్నారు. డాక్టరు గారు అప్పటికప్పుడు ఆశువుగా ఒక కంద పద్యం అందుకున్నారు. దానమ్మ ఆయన కాళ్ళమీద పడింది. వెనకబడకూడదని గణపతిరావు గారు తన యాత్రికులందరినీ ఆ కాళ్ళమీదే పడమన్నారు.

జనం 'వన్స్‌మోర్' అని ఒకటే గోల. ఆ మాటకి అర్థం తెలియని దానమ్మ, వినపడలేదు కాబోలనుకుని మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది. మూడోసారి గుండెలు బాదుకుంటూ చెప్పింది. న్యాయనిర్ణేతలు మార్కులు వేసుకున్నారు.

చివరికి ఆమె డాక్టరు గారి తోక పట్టుకుని లాగితే ఊడొచ్చింది. "ఇదేటి బాబూ, మనిషి సచ్చిపోతంటే పాటలేటి?"

డాక్టరు గారు అప్పుడు ఆమె కాళ్ళకేసి చూశారు. అంత సహజమైన బురద ఏ సమాజం వారి దగ్గరా లేదు. కిరీటంతోనే పరిగెత్తారు.

ఉత్తమ సహజ నటి కప్పు దానమ్మకే వచ్చింది. బహుమతి ప్రదానానికి హాజరు కానందుకు క్రమశిక్షణ లేదని కమిటీ విచారం వెలిబుచ్చింది. అయినా పెద్దమనసుతో మర్నాడు పొద్దున్న కప్పు పట్టుకుని అందరం వాళ్ళింటికి వెళ్ళాం. బుల్లమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. వాకిట్లోనే నిలబడి జగన్నాధం గారు, "ఈ తల్లి కన్నీరు జిల్లా రంగస్థలానికే గర్వకారణం!" అని ఉపన్యసించారు.

దానమ్మ కప్పు అందుకోలేదు.

"మూడుసార్లు సెప్పినాను బాబూ. ఒక్కసారైనా ఒక్కరైనా నమ్మినారేటి?"

ఆవిడ అన్న తీరుకి మాలో ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ఎవరా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను, కొట్టింది నేనే అయినా.