ఇరవై మంది దాటితే సాధారణం

మనిషి ఒంట్లో ఏ అవయవం విలువెంతో బ్రహ్మ కూడా తేల్చకుండా వదిలేసిన సంగతిని టెక్కలిలోని సాగరతీర వైద్యసేవా సంస్థ, వేతన వర్గీకరణ విభాగం, 2003లో ఒకే మధ్యాహ్నం కూర్చుని తేల్చేసింది. గుండె డాక్టరు పక్కన నిలబడే వైద్య సహాయకులకు నెలకు ఎనిమిది వేలు. ఎముకలకు ఆరు వేలు. చర్మానికి మూడు వేలు (పైకే కనిపిస్తుంది కనుక వెతికే శ్రమ లేదు). కిడ్నీలకు తొమ్మిది వేలు, ఎందుకంటే అవి రెండు. ఊపిరితిత్తులూ రెండే కదా అని ఎవరో అడిగారు. అవి గాలితో నడుస్తాయనీ, గాలి ఉచితమనీ విభాగం జవాబిచ్చింది.

అవయవం తర్వాత ప్రాంతం. విశాఖలో పనిచేసేవారికి నగర భత్యం. టెక్కలి వారికి హైవే దుమ్ము భత్యం. పలాస వారికి ఏమీ లేదు, జీడిపప్పు వాసన పీల్చడమే పోషణ కనుక. ఇక బారువలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లకు భత్యం బదులు కోత. చేపలు చవక, గాలి మంచిది. ఈ రెండు సుఖాలకు నెలకు నాలుగు వందల యాభై.

ఆ కోత పడేది సూర్యకుమారికి. బారువలో తెప్ప మీద వేటకెళ్లే అసిరయ్య కూతురు. ఆ వీధిలో విశాఖ వెళ్లి మూడేళ్ల కోర్సు చదివి వైద్య సహాయకురాలైన మొదటి పిల్ల. వైద్య సహాయకులంటే డాక్టరు రాకముందు రోగిని చూసేవారు, డాక్టరు వచ్చాక రోగి సంగతి ఆయనకు చెప్పేవారు, డాక్టరు రానిరోజు అన్నీ చూసేవారు. బారువ కేంద్రానికి డాక్టరు గురువారం వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ సూర్యకుమారే.

వచ్చేవాళ్లందరిదీ ఒకటే కథ. కాళ్ల వాపు, ఆయాసం, అన్నం సయించకపోవడం. ఆమె బీపీ చూసేది, రక్తం తీసేది, ఐసు డబ్బాలో పెట్టి పలాస బస్సెక్కించేది. రిపోర్టు వచ్చాక దాన్ని మనుషుల భాషలోకి మార్చి చెప్పేది. అది అన్నిటికన్నా కష్టం.

"ఎంత పాడయ్యాయేటి గుంటా?" అని అడిగింది ఎండుచేపలమ్మే జోగమ్మ, తన కిడ్నీల గురించి, తెప్పకు పడ్డ చిల్లు గురించి అడిగినంత మామూలుగా.

"సగం పైనే, జోగమ్మత్తా. ఉప్పు మానీయాల."

"ఎండుచేపలమ్మీదాన్ని ఉప్పు మానీమంటావా?" అని జోగమ్మ పగలబడి నవ్వింది. సూర్యకుమారి కూడా నవ్వి, తర్వాత లోపలికెళ్లి కాసేపు రాలేదు.

ఇంత చేస్తున్నా కాగితాల్లో ఆమె 'సాధారణ రోగాల' సహాయకురాలు. రెండు వేల ఎనిమిది వందలు, కోత పోను రెండు వేల మూడు వందల యాభై. ఆమెతో చదివిన ప్రవల్లిక అదే సంస్థ విశాఖ శాఖలో తొమ్మిది మంది కిడ్నీ రోగులను చూసి తొమ్మిది వేలు తీసుకునేది. తలకు వెయ్యి. తనకు తల ఒక్కింటికి పన్నెండు రూపాయలు కూడా పడటం లేదని లెక్కవేసుకుని, సూర్యకుమారి రోగుల రిజిస్టరు చంకన పెట్టుకుని టెక్కలి వెళ్లింది.

వర్గీకరణాధికారి తారకేశ్వరరావు మంచివాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, తర్వాత నిబంధనలు తీశాడు.

"సూడమ్మా, కిడ్నీ అనీది స్పెషాలిటీ. స్పెషాలిటీ అంటే అరుదు. మీ కేంద్రంలో ఎంతమంది?"

"రెండొందల పన్నెండు మందండి."

"అదీ సంగతి. ఏడో నిబంధన. ఇరవై మంది దాటితే అది సాధారణ జబ్బు. జలుబు లాగన్నమాట."

"జలుబుకి మనుషులు సచ్చిపోరు కదండి."

"సావు వేరే సెక్షనమ్మా" అన్నాడాయన, ఏ కోపమూ లేకుండా. ఆపైన గొంతు తగ్గించాడు. "ఓ పని సెయ్యి. ఇరవైకి తగ్గించి రాసుకొత్తే నాను సంతకం పెట్టేత్తాను."

తిరుగు బస్సులో ఆమె నిజంగానే పెన్ను తీసింది. మొదటి పేజీ, మొదటి పేరు జోగమ్మ. రెండో పేరు తన చిన్నాన్న. మూడో పేరు తనకు అ ఆలు దిద్దించిన పంతులుగారు. నందిగాం రోడ్డు దాటేసరికి పెన్ను మూసేసింది. తనకు ఆ పెన్ను తీయాలనిపించిందన్న సంగతి మాత్రం చాలా రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఏడాది తిరక్కుండా ప్రవల్లిక మానేసింది. తారకేశ్వరరావు ఆ ఖాళీని సూర్యకుమారికి రాశాడు (ఆయన మంచివాడని ముందే చెప్పాం). కిడ్నీల కోసం బారువలో దొరకని జీతం, కిడ్నీ రోగులున్న ఊరు వదిలితే దొరికింది.

"నాను ఎల్లనయ్యా" అంది తండ్రితో.

"ఎల్లమ్మా. ఇక్కడ పీల్సీ గాలికి కూడా నీ దగ్గర కోసేత్తన్నారు" అన్నాడు అసిరయ్య.

గుమ్మంలో కూర్చున్న జోగమ్మ విసుక్కుంది. "బేగి ఎల్లు గుంటా. మాకు రైలు నేదేటి?"

విశాఖ శాఖలో ఏసీ గది, తిరిగే కుర్చీ. తొమ్మిది మంది రోగులూ అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చేవారు. బారువకు ఆమె బదులు చర్మపు సహాయకుణ్ని వేశారు. అతను వాచిన కాళ్లకు శ్రద్ధగా ఆయింట్‌మెంట్ రాసేవాడు.

నాలుగో వారంలో ఏసీ గది బయట ఎండుచేపల వాసన వచ్చింది. జోగమ్మ.

"ఆ గుంటడు మంచోడే. కానీ కాగితం సూసి నాకు అర్థమయీలాగ సెప్పడు. నువ్వు సెప్పు."

మరుసటి వారం ఆరుగురు వచ్చారు. పలాస పాసింజరులో ఒకరికొకరు చోటు ఆపుకుంటూ మూడో నెలకల్లా ఎనభై మూడు మంది. సెక్యూరిటీ అతను మొదట ఆపాడు, తర్వాత వరస పెట్టాడు, చివరికి తన తల్లి రిపోర్టు కూడా తెచ్చి సూర్యకుమారికి చూపించాడు.

అప్పుడు టెక్కలి నుంచి మెమో వచ్చింది. 'మీరు చేరక మునుపు ఈ శాఖ పరిధిలో సదరు జబ్బు అరుదుగా ఉండెను. మీరు చేరిన మూడు మాసములలో సాధారణమైనది. ఏడో నిబంధన ప్రకారం మీ జీతం రెండు వేల ఎనిమిది వందలుగా సవరించడమైనది. జబ్బు ఇంత వేగంగా ఎట్లు వ్యాపించినదో సంజాయిషీ ఇవ్వవలెను.'

సూర్యకుమారి రెండే ముక్కలు రాసింది. 'జబ్బు నాతో రాలేదండి. టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది.'

విభాగం ఈ జవాబును గౌరవంగా స్వీకరించి, రుజువు కింద రోగులందరూ ఈమధ్య వచ్చినప్పటి రానుపోను టిక్కెట్లు జతచేయమంది. కొంగు ముడుల్లోంచి, చొక్కా జేబుల్లోంచి, మందుల సంచుల అడుగునుంచి అవన్నీ వచ్చాయి. ఆమె వాటిని వరసగా ఒక కాగితానికి అంటించింది. జోగమ్మది వచ్చేటప్పటి టిక్కెట్టు ఒక్కటే ఉంది. ఆఖరిసారి వచ్చినప్పుడు ఆమె ఆసుపత్రిలోనే కన్నుమూసింది. వీధివాళ్లు వ్యాను మాట్లాడి తీసుకెళ్లారు. ఆ వరసలో రెండో టిక్కెట్టు చోటు సూర్యకుమారి ఖాళీగా వదిలేసి, కాగితాన్ని ఒకసారి అరచేత్తో నిమిరి, కవర్లో పెట్టింది.

విభాగం అన్నీ క్షుణ్ణంగా పరిశీలించి, ఎనభై రెండు మంది నిజాయితీపరులనీ, ఒకామె టిక్కెట్టు లేకుండా ప్రయాణించిందనీ నమోదు చేసింది.